పాత ఆంప్లిఫయరు: కాలనిర్ణయము

ప్రాచీన తాళపత్ర ప్రతి యొకటి చేతికి వచ్చినపుడు పండితుడు ఆశ్వాసాంత గద్యను మాత్రము చదివి కర్తను, కాలమును నిర్ణయింపడు. గద్యను తరువాతివా రెవరైనను చేర్చి యుండవచ్చును. లిపి రూపమును, లేఖకుని అలవాట్లను, ప్రక్షిప్తములను పరిశీలించి, అవి యన్నియు ఒకే మాట చెప్పినపుడే ఆయన నిర్ణయమునకు వచ్చును. ఇట్టి పరిశోధన గ్రంథములకే పరిమిత మనుకొనరాదు. పాశ్చాత్య సంగీతములో గిటారు, బేసు గిటారు వాయించువారు పాత వాల్వు ఆంప్లిఫయరులను కొనునపుడు చేయు పరీక్షయు సరిగా ఇట్టిదే. అరువదేండ్లు దాటిన కొన్ని పెట్టెలు నేడు లక్షల రూపాయల వెల పలుకుచున్నవి. వెల యున్నచోట దొంగ ప్రతులకు కొదువ యుండదు గదా!

వాల్వు అనగా నేమో పెద్దలకు చెప్పనక్కరలేదు. ట్రాన్సిస్టరు రాకమునుపు రేడియోలో, స్విచ్చి వేసిన కొంతసేపటికి మెల్లగా ఎఱ్ఱబారిన గాజుబుడ్డియే వాల్వు. అమెరికావారు దీనిని ట్యూబు అందురు. గాలి తీసివేసిన ఆ బుడ్డిలో కాథోడు వేడెక్కి ఎలక్ట్రానులను విడుచును. ఆనోడు వానిని ఆకర్షించును. నడుమ నున్న గ్రిడ్డు అను తీగవలపై వోల్టేజి ఏ కొంచెము మారినను ఆ ప్రవాహము ఎంతో మారును. గిటారు తీగ కంపనమునుండి పుట్టిన సూక్ష్మ విద్యుత్సంకేతము స్పీకరును కదల్పగల బలమును పొందుట ఈ విధముగనే.

ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత రేడియోలనుండి వాల్వు తొలగిపోయెను గాని గిటారు వాద్యకారులు దానిని విడువలేదు. శక్తికి మించి వాయించినపుడు వాల్వు ధ్వని శిఖరములను ఒక్కసారిగా తెగగొట్టక క్రమముగా నొక్కి, మూలస్వరమునకు కొన్ని అతిస్వరములను చేర్చును. ఇంజనీరు దృష్టిలో అది దోషము. వాయించువాని చెవికి అదే రుచి.

ఈ పాత యంత్రములలో ఫెండర్ బేస్‌మన్ చరిత్ర మిక్కిలి చిత్రమైనది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అను విద్యుత్ బేసు గిటారును వెలువరించెను. దానికి తోడుగా 1952లో బేస్‌మన్ ఆంప్లిఫయరు వచ్చెను. మొదట అందు 15 అంగుళముల స్పీకరు ఒక్కటియే యుండెడిది. ఆ దశకము నడుమ దాని స్థానమున 10 అంగుళముల స్పీకరులు నాలుగు చేరెను. బేసు కొరకు పుట్టిన ఈ పెట్టెకు కీర్తి తెచ్చినవారు మాత్రము గిటారు వాద్యకారులే. వెనుకవైపు తెరచియున్న పెట్టెలో అంత చిన్న స్పీకరులు బేసు గిటారు మంద్రస్వరములను గట్టిగా మోయలేవు. గిటారునకు అవి చక్కగా నప్పెను.

ఇంగ్లాండులో దీనికి పాఠాంతరము పుట్టెను. లండనులో వాద్యముల దుకాణము నడుపుచుండిన జిమ్ మార్షల్ కొరకు కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ మున్నగువారు 1962 ప్రాంతమున బేస్‌మన్ విద్యుద్వలయమునే ఆధారముగా గొని జె.టి.ఎం. 45 అను ఆంప్లిఫయరును నిర్మించిరి. వలయము దాదాపు ఒకటే. కాని బేస్‌మన్‌లో మొదటి వాల్వు 12ఎవై7 కాగా మార్షల్‌లో అంతకంటె ఎక్కువ వర్ధనము గల ఇసిసి83 వచ్చెను. తెరచిన పెట్టెకు బదులు, 12 అంగుళముల స్పీకరులు నాలుగు గల మూసిన పెట్టె వచ్చెను. ఒకే పద్యమును ఇద్దరు చదివినట్లు ధ్వని వేరయ్యెను.

ఇక కాలనిర్ణయము. ముందు పలక మీది పేరు అన్నిటికంటె బలహీనమైన సాక్ష్యము. పలకను, పిడిని, పైగుడ్డను, కడకు లోపలి కాగితమును గూడ క్రొత్తగా చేసి అమ్మువారు కలరు. 1950 దశకపు ఫెండర్ పెట్టెలలో వాల్వుల పట్టిక ముద్రించిన కాగితముపై రెండు అక్షరముల ముద్ర తరచుగా కనబడును. మొదటి అక్షరము సంవత్సరము, రెండవది నెల; 1951కి ‘ఎ’ మొదలుగా లెక్కింపవలెను. ‘హెచ్ ఇ’ యని యున్నచో 1958 మే నెల. ఇది గద్యవంటిది, సత్యమైనచో ఎంతో మేలు, కాని దీనినే నమ్ముకొని డబ్బు చెల్లింపరాదు.

విడిభాగములపై గల సంఖ్యలు ఇంతకంటె దృఢమైనవి. అమెరికాలో విడిభాగముల తయారీదారులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య యుండెడిది. జెన్సన్ స్పీకరులకు 220, షూమాకర్ ట్రాన్స్‌ఫార్మరులకు 606, ధ్వని హెచ్చుతగ్గుల మీటల వెనుక నుండు పొటెన్షియోమీటరులలో స్టాక్‌పోల్ వారికి 304, సి.టి.ఎస్. వారికి 137. దాని వెంట సంవత్సరము, ఆపైన వారము. స్పీకరుపై 220832 అని యున్నచో అది జెన్సన్ వారు 8తో ముగియు సంవత్సరమున 32వ వారమందు చేసినది. ఆ సంవత్సరము 1948 కావచ్చును, 1958 కావచ్చును, 1968 కావచ్చును. నాలుగు స్పీకరుల బేస్‌మన్ 1948లో లేదు కావున మొదటిది తొలగును. మిగిలినదానిని ట్రాన్స్‌ఫార్మరు, పొటెన్షియోమీటరులు తేల్చును.

ఈ తర్కమును విద్యార్థులు గమనింపదగును. మొదటినుండి ఉన్న భాగములలో కడపటి తేదీ గలది ఏదియో, ఆంప్లిఫయరు అంతకు పూర్వము పుట్టలేదని మాత్రమే అది చెప్పును. ఎంత తరువాత పుట్టినదో చెప్పదు. కర్మాగారమునకు వచ్చిన సరకు నెలల తరబడి అరలలో ఉండిపోవచ్చును. తక్కినవన్నియు 1958 చెప్పుచుండగా ఒక్క పొటెన్షియోమీటరు 1971 చెప్పినచో అది మరమ్మతు; ప్రక్షిప్త పద్యము వలన కావ్యమంతయు దొంగది కాదు. ఐతే అది నిజముగా తరువాత చేరినదేనా యనుటకు దాని కాళ్లవద్ద టంకమును చూడవలెను. పాత టంకము మసకబారి యుండును. క్రొత్తగా కరగించినచోటు వేరుగా తెలియును.

వాల్వులను బట్టి మాత్రము వయస్సు కట్టరాదు. అవి దీపపు వత్తులవలె మార్చుకొనుటకే చేసినవి. రష్యా, స్లొవాకియా, చైనాలలో ఇప్పటికిని క్రొత్తవి తయారగుచున్నవి. మనకు ఈ వస్తువులు పరాయివి కావు. వాక్స్ ఎ.సి. 30 అను ఇంగ్లీషు గిటారు ఆంప్లిఫయరులో నాలుగుండు ఇఎల్84 వాల్వు ఆనాటి రేడియోలలో వాడినదే. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960 దశకమున రేడియో వాల్వులను తయారుచేసినది.

మోసము లేకయే మోసపోవు మార్గము ఒకటి కలదు. ఫెండర్ సంస్థయే 1990లో 1959 నాటి బేస్‌మన్ నమూనాను మరల విడుదల చేసినది. అదియు ఇప్పుడు ముప్పదియైదేండ్ల వస్తువు. గుడ్డ మాసి, అంచులు చిరిగి యుండును. దూరమునుండి చూచినవారు భ్రమపడుదురు. వెనుక పలక విప్పి చూచినచో నిజము నిమిషములో తెలియును. పాతదానిలో గట్టి ఫైబరు పలకపై భాగములను చేతితో అమర్చి గుడ్డ తొడుగు తీగలతో కలిపిరి; 1990 నాటి దానిలో ముద్రిత వలయ ఫలకము కనబడును.

1965 జనవరిలో సి.బి.ఎస్. సంస్థ ఫెండర్‌ను 1 కోటి 30 లక్షల డాలర్లకు కొనెను. ఆ దినమునుండియే నాణ్యము పడిపోయినట్లు చెప్పుకొనుట వాడుక. కాని నల్లపలకల యంత్రములు 1967 వరకు వెలువడుచునే యుండెను. మార్పులు మెల్లగా వచ్చెను. ఆ తరువాతి వెండిపలకల యంత్రములకు పేరు తక్కువ, వెల తక్కువ. వానికి నల్లపలక తగిలించి హెచ్చు వెలకు అమ్మువారు కలరు గనుక, అంకెలు చూడక పలకకు వెల కట్టరాదు. వాయించుటకే కొనువానికి నిజాయితీ గల వెండిపలక ఎంతో మెరుగు. బేసు వాద్యకారుడైనచో 1960లో వచ్చిన ఆంపెగ్ బి-15ను వెదకవచ్చును. పని ముగిసిన పిదప దాని పైభాగమును తలక్రిందులుగా త్రిప్పి పెట్టెలోనే దాచవచ్చును. 1969 నాటి ఆంపెగ్ ఎస్.వి.టి. 300 వాట్లది, వినుటకు గంభీరము, మోయుటకు ఇద్దరు కావలెను.

ప్రాచీనతపై మోహము ప్రాణము మీదికి తెచ్చు సందర్భము ఒకటి కలదు. నాటి అమెరికా యంత్రములలో పెక్కింటికి రెండు తీగల ప్లగ్గే కాని ఎర్తు లేదు. పైగా విద్యుత్తు తీగకును లోహపు చాసిస్‌కును నడుమ ఒక కెపాసిటరు ఉండెడిది. అది పాడై రెండువైపులు కలిసిపోయినచో చాసిస్‌కు, దానివెంట గిటారు తీగలకు విద్యుత్తు ప్రాకును. అట్టి గిటారును పట్టుకొని మైకును తాకినవాడు మరణింపవచ్చును. అసలు రూపము చెడునని ఈ కెపాసిటరును అట్లే ఉంచువారిని చూచి జాలిపడవలసినదే. దానిని తీసివేయించి, ఎర్తు గల మూడు తీగల ప్లగ్గు వేయించుట వలన వెల తగ్గిన తగ్గుగాక! పెద్ద కెపాసిటరులు గూడ కాలక్రమమున ఎండిపోవును. వానిని మార్పించి, పాతవానిని ఒక పొట్లములో దాచి ఉంచవచ్చును. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందు 400 వోల్టులకు మించిన విద్యుత్తు నిలిచి యుండగలదు గనుక లోపల చేయి పెట్టుట తెలిసినవారి పని.

మన దేశమునకు తెచ్చుకొనువారు మరియొకటి చూచుకొనవలెను. అమెరికా యంత్రములు సాధారణముగా 120 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టులకు తగిలించినచో కాలిపోవును. తగిన శక్తి గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావలెను. ఏండ్ల తరబడి మూలనున్నదానిని పూర్తి వోల్టేజిపై ఒక్కసారిగా నడుపక, మెకానిక్కులు సిరీసు బల్బు తగిలించి చూతురు. బల్బు మొదట వెలిగి మందగించినచో మంచి గుర్తు. తీక్షణముగా వెలుగుచునే యున్నచో లోపల ఎచ్చటనో షార్టు ఉన్నదని తెలిసికొని ఆపివేయవలెను. ఈ పరీక్షకు ముందే స్పీకరును కలిపి యుండవలెను. స్పీకరు లేక వాల్వు ఆంప్లిఫయరును నడిపినచో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవచ్చును. 1958 నాటి అంకె గల ట్రాన్స్‌ఫార్మరు మరల దొరకదు.