రోబో ఉండగా... డాక్టరుగారికి తటపటాయింపు ఎందుకు?

“కొయ్యకుండానే రోబో తీసేస్తాదంట గదమ్మా! మరి మన డాక్టరుబాబేటి, అదొద్దు, మామూలు ఆపరేషనే అంటన్నారు?”

చోడవరంలో మా పక్కవీధి కోడలు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అత్తగారికి అంగిలి మీద మానని పుండు. చిన్నతనం నుంచీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలుగుతున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. పరీక్షలో క్యాన్సరని తేలింది. కోడలు సెల్‌ఫోనులో రోబో ఆపరేషన్ వీడియో చూసింది. మెడలో గొలుసు తాకట్టు పెట్టయినా హైదరాబాదు తీసుకెళ్తానంటుంది. విశాఖలో చూసిన సర్జనుగారు మాత్రం తల అడ్డంగా ఊపారు. ఆయనకు కొత్త పద్ధతి రాదేమోనని ఇంట్లో అనుమానం.

అనుమానం సహజమే. కానీ నోరు, గొంతు ఆపరేషన్లకి రోబోని వాడే విషయంలో సర్జన్లలోనే ఏకాభిప్రాయం లేదు. దానికి కారణాలున్నాయి.

ముందు ఒక మాట. ఇది సినిమాల్లో మరమనిషిలా తనంతట తాను వచ్చి కోసేది కాదు. సర్జనుగారు కొంచెం దూరంలో కూర్చుని, గొంతు లోపలి భాగాన్ని పెద్దదిగా చూస్తూ వేళ్లు కదుపుతారు. రోగి నోట్లోకి పంపిన సన్నటి చేతులు అచ్చం అలాగే కదులుతాయి. ఒకదానికి కెమెరా, మిగతావాటికి పట్టకారు, కాల్చి కోసే పరికరం. రోగి తల దగ్గర ఇంకో డాక్టరు ఉండనే ఉంటారు. చెయ్యి తిరిగినవాళ్లు లేకపోతే ఆ యంత్రం ఎందుకూ పనికిరాదు.

దీని గొప్పతనమంతా గొంతు వెనకాల. నాలుక మొదలు, టాన్సిళ్లు... చూపు ఆనని మూలలవి. అక్కడ గడ్డ వస్తే, ఒకప్పుడు చాలామందికి కింది పెదవిని, దవడ ఎముకను రెండుగా చీల్చి లోపలికి వెళ్లాల్సి వచ్చేది. ముఖం మీద గాటు, నెలల తరబడి మింగుడు కష్టం. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం సర్జన్లు వైన్‌స్టీన్, ఓమాలీ నోటి దారినే రోబోని పంపి ఆ అవస్థ తప్పించే పద్ధతిని తీర్చిదిద్దారు. 2009 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ సంస్థ దీనికి అనుమతిచ్చింది. అదీ తొలిదశలో ఉన్న చిన్న గడ్డలకే.

మరి తటపటాయింపు దేనికి? మొదటిది డబ్బు. యంత్రం ఖరీదు కోట్లలో. పట్టకారులాంటి వాటిని ఇన్నిసార్లు వాడాక పారెయ్యాలని లెక్క. ఆ భారం చివరికి పడేది బిల్లు మీదే. మన దేశంలోనే తయారైన ‘ఎస్ఎస్ఐ మంత్ర’ లాంటి యంత్రాలు వచ్చాక ఖర్చు దిగుతుందని ఆశ. రెండోది స్పర్శ. గడ్డ ఎంతవరకు పాకిందో వేలితో తడిమి తెలుసుకోవడం సర్జన్లకు అలవాటు. ఇన్నాళ్లూ వాడుకలో ఉన్న రోబోలకి ఆ తడిమే గుణం లేదు. కళ్లతో చూసి అంచనా వేసుకోవాల్సిందే. లేజరుతో ఇదే పని తక్కువ ఖర్చులో చేస్తున్నాం కదా అనేవాళ్లు కొందరు.

ఇంకోటి, రేడియేషన్. మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అంటారే, అదే. గొంతు క్యాన్సర్లకి రోబో మంచిదా, రేడియేషన్ మంచిదా అని 68 మంది రోగుల మీద చేసిన ‘ఒరేటర్’ పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడాది తర్వాత మింగడంలో రేడియేషన్ తీసుకున్నవాళ్లే కాస్త మెరుగ్గా ఉన్నారు. తేడా చిన్నదే. అయినా, రోబోతో చేస్తే మింగుడు బావుంటుందన్న ధీమాకి దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఒకరు రక్తస్రావంతో చనిపోయారు కూడా. రెండో పరీక్షలో ఆపరేషన్ వైపు ఇద్దరు చనిపోతే దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఇవి తెలిసిన సర్జను ఆచితూచి మాట్లాడితే పాతకాలపు మనిషి అనుకోవడం అన్యాయం.

అసలు సంగతి మన ప్రాంతానిది. పాశ్చాత్య దేశాల్లో టాన్సిల్, నాలుక మొదలు క్యాన్సర్లు ఎక్కువగా వైరస్ వల్ల వస్తున్నాయి. అక్కడ రోబోకి చేతినిండా పని. మనకి పొగాకు. బుగ్గ, చిగురు, అంగిలి. అడ్డపొగకీ అంగిలి క్యాన్సరుకీ ఉన్న సంబంధం గురించి విశాఖ వైద్యులు 1950ల నుంచే రాస్తూ వచ్చారు. 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షిస్తే, నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. ఆడవాళ్లకి ఈ అలవాటు ఎందుకంటే చుట్ట ఆరిపోదు, బూడిద రాలదు, పని ఆగదు. పొలంలో ఉన్నవాళ్లని అడగండి, ఇదే చెబుతారు.

అంగిలి నోరు తెరిస్తే కనిపించే చోటు. అక్కడికి చేరడానికి రోబో అక్కర్లేదు. పైగా చాలాసార్లు ఎముక కూడా తియ్యాలి. ఎముక కొయ్యడం ఈ రోబో చేతుల వల్ల కాదు. తీసినచోట ఏర్పడిన ఖాళీకి పళ్లసెట్టులాంటి బిళ్ల చేయించి పెడతారు. తిన్నది ముక్కులోకి పోకుండా, మాట స్పష్టంగా రావడానికి అది ఆధారం. కోడలికి ఇది ఎవరూ విడమర్చి చెప్పలేదు. నన్నడిగితే లోటు అక్కడే ఉంది. ఓపీ రద్దీలో డాక్టర్లకి తీరిక లేకపోవచ్చు గానీ, “వద్దు” అనే ఒక్క మాటతో పంపేస్తే ఇంటివాళ్లు ఫోనులో వీడియోనే నమ్ముతారు మరి.

గుట్కా నమిలేవాళ్లది ఇంకో చిక్కు. నోటి లోపలి చర్మం బిగుసుకుపోయి రెండు వేళ్లు కూడా దూరవు. రోబో చేతులు వెళ్లాలంటే నోరు బాగా తెరుచుకోవాలి కదా!

అందుకే రోబో అనే మాట వినగానే గొలుసు తియ్యకండి. గడ్డ సరిగ్గా ఎక్కడుంది, ఏ దశ, రేడియేషనుతో నయమయ్యేదా, ఈ ఆపరేషన్ మీరు ఇదివరకు ఎన్ని చేశారు అని మొహమాటపడకుండా అడగండి. వైద్యసేవ పథకంలో రోబో ఖర్చు కూడా ఇస్తారా అన్నదీ ముందే తేల్చుకోండి. నాలుక మొదట్లో చిన్న గడ్డ అయితే మాత్రం రోబో ఉన్నచోట ఇంకో అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు. మూడు వారాలకీ మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మెడలో గడ్డ, మింగితే ఒకవైపు చెవిపోటు... ఇవి ఉంటే ఆగొద్దు. 2022 ఏప్రిల్లో అనకాపల్లి జిల్లాలో కలిసినా, చోడవరం వాళ్లకి పెద్దాసుపత్రంటే ఇప్పటికీ విశాఖే. కేజీహెచ్ ఉంది, దారిలోనే అగనంపూడిలో టాటావారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

కోడలు మళ్లీ వెళ్లి ఇవన్నీ అడిగి వచ్చింది. మామూలు ఆపరేషనే ఖాయమైంది. అత్తగారి చెల్లెలిదీ అడ్డపొగే. వచ్చే సోమవారం ఆవిణ్ని కూడా బస్సెక్కిస్తోంది, ఒకసారి నోరు చూపించడానికి.