బడి గ్రంథాలయం: సొంతవి ముందు, చందాలు తర్వాత

సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ పాఠశాలల గ్రంథాలయాలకు, బడి స్థాయిని బట్టి, ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. అంత కొద్ది సొమ్ముతో పుస్తకాలు కొనాలా, లేక దాతల సాయం కూడా కలుపుకుని ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాలకు చందా కట్టాలా? విజయవాడ నగరంలోని బళ్లకూ, దివిసీమ ఊళ్లలోని బళ్లకూ ఇది ఒకటే ప్రశ్న. పిల్లలు ఎలాగూ ఫోన్లకు అలవాటు పడ్డారు కాబట్టి చందాయే మేలన్న వాదన వినిపిస్తూ ఉంటుంది. బడి ముందుగా తనకు సొంతంగా మిగిలేవి సమకూర్చుకోవాలనీ, చందాల సంగతి ఆ తర్వాతే చూడాలనీ నేను నమ్ముతాను. సొంతానికీ అద్దెకూ ఉన్న ఈ తేడా కృష్ణా డెల్టాలో తెలియనివారు ఉండరు. కౌలు చేలో పంట ఎంత బాగా పండినా, గడువు తీరాక ఆ చేను మనది కాదు.

ఈ ప్రాంతంలో గ్రంథాలయోద్యమం నడిపినవారు పుస్తకాన్ని పాఠకుడి చేతికి అందించడమే తమ పని అనుకున్నారు. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఈ ఊళ్లోనే పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి పడవ గ్రంథాలయం నడిపారు. పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో తిరిగే పడవల్లో పుస్తకాలు ఉంచితే, ప్రయాణికులు దిగేలోగా చదువుకునేవారు. చేతికొచ్చిన పుస్తకానికి మళ్లీ ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టే అది సాధ్యమైంది. ఇవాళ్టి తరగతి గదికీ అదే వర్తిస్తుంది. బీరువాలో నలభై పుస్తకాలుంటే నలభై మంది పిల్లలు ఒకే పీరియడ్‌లో చదువుకోవచ్చు. నాలుగు కంప్యూటర్లున్న బడి ఎంత ఖరీదైన చందా కట్టినా మిగతా పిల్లలు వంతు కోసం కాచుకోవాల్సిందే.

పైగా ఆన్‌లైన్ సేవ ఎన్నాళ్లు నడుస్తుందన్నది డబ్బు కట్టినవాళ్ల చేతిలో ఉండదు. ఒకప్పుడు ఎంతో పేరున్న ఎన్‌కార్టా విజ్ఞాన సర్వస్వాన్ని మైక్రోసాఫ్ట్ 2009లో మూసేసింది. వెబ్‌సైటు పోయింది గానీ, సీడీలు కొన్నవాళ్ల దగ్గర సీడీలు మిగిలాయి. అదే కంపెనీ 2019లో ఈ-బుక్ దుకాణం ఎత్తేసినప్పుడు డబ్బు తిరిగిచ్చింది, కానీ పాఠకులు కొనుక్కున్న పుస్తకాలు మాయమయ్యాయి. మన రాష్ట్రంలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలతో ట్యాబులు పంచారు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠాలను ముందే ట్యాబుల్లోకి ఎక్కించారు కాబట్టి, ఎక్కించినంత వరకు ఇంటర్నెట్ లేకున్నా చూసుకోవచ్చు. అంటే చేతికి వచ్చిందే దక్కుతుంది. సర్వర్‌లో ఉన్నది కంపెనీ బాగోగుల మీద ఆధారపడి ఉంటుంది.

పుస్తకాలు పాతబడతాయన్న అభ్యంతరంలో నిజముంది. బడి బీరువాలోని అట్లాసు తీసి ఆంధ్రప్రదేశ్ పేజీ చూడండి. 2022 ఏప్రిల్ 4కు ముందు అచ్చయినదైతే విజయవాడ కృష్ణా జిల్లాలోనే కనిపిస్తుంది. ఎన్టీఆర్ జిల్లా పేరే ఉండదు. ఇలా మారిపోయే సమాచారానికి ఇంటర్నెట్ కావాల్సిందే. బ్రిటానికా కూడా 2012లో అచ్చు సంపుటాలకు స్వస్తి చెప్పింది. కానీ నిఘంటువు, కథల సంపుటి, పక్షుల బొమ్మల పుస్తకం అంత త్వరగా పాతబడవు. మారే సమాచారానికైనా ప్రతిసారీ చందా కట్టనక్కర్లేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా, 2018లో జాతికి అంకితం చేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉచితం. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియాను పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుంటే నెట్ లేని ఊళ్లోనూ చదువుకోవచ్చు. తెర మీద చదివేదే అయినా ఆ ప్రతి బడికి సొంతం.

వరదొస్తే పుస్తకాల గతేమిటని అడగొచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలాంటి ముంపు కాగితాన్ని నాశనం చేస్తుంది, కంప్యూటర్నీ వదలదు. కరెంటు లేనిచోట చందా కూడా పనికిరాదు. పుస్తకాలను పై అరల్లో ఉంచడం, దింపుకున్న డిజిటల్ సరుకుకు మరోచోట నకలు దాచుకోవడం మన చేతిలో పని. బీరువాకు తాళం వేసి ఉంచితే పుస్తకం ఉండీ ఏం లాభమన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్‌కు తానే జవాబుదారీ అవుతానన్న భయం ఉన్నచోట ఏ ఉపాధ్యాయుడూ తాళం తీయడు. చదివి చదివి చిరిగిన పుస్తకాన్ని నష్టంగా రాయకూడదని అధికారులు స్పష్టంగా చెప్పాలి.

చందాలు అసలే వద్దని నా వాదన కాదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ కలిపి పరిశోధన పత్రికల చందా కడుతుంది. బళ్లకు చందా కావాలంటే రాష్ట్రమూ అలాగే ఒక్క బేరంతో కట్టాలి, గడువు ముగిశాక కూడా సరుకు మిగిలేలా షరతు పెట్టాలి. ఒంటరి బడి మీద ఆ భారం మోపకూడదు. ఆరో తరగతిలో చేరిన అమ్మాయి పదో తరగతి ముగించేలోగా ఏడాది చందా ఐదుసార్లు కట్టాలి. ఏ ఒక్క ఏడు కట్టలేకపోయినా ఆ తలుపు ఆమెకు మూసుకుపోతుంది. అదే డబ్బుతో కొన్న పుస్తకం ఆమెకూ, ఆమె తర్వాత వచ్చే చెల్లెలికీ పనికొస్తుంది. కొద్ది డబ్బున్న బడి ఈ లెక్క చూసుకునే ఖర్చు పెట్టాలి.