పాల కేంద్రంలో పాత ప్లగ్గు పాయింట్లు - మార్చవలసిన తీరు

సంఘ భవనానికి సున్నం వేయించడం, క్యాన్లు బాగు చేయించడం, తూకపు యంత్రం సరిచూడడం వంటి పనులపై సంఘాలు శ్రద్ధ చూపుతున్నవి. కాని గోడమీద ఉన్న ప్లగ్గు పాయింటు సంగతి, అది నల్లబడి పొగ వచ్చేవరకు ఎవరికీ పట్టడం లేదు. తడి నేలమీద నిలబడి, తడి చేతులతో, రెండు పూటలా పని జరిగే చోటు మన పాల సేకరణ కేంద్రం. ఇటువంటి చోట పాడైన పాయింటు వలన నష్టం సామానుకే కాదు, ప్రాణానికి కూడా. కావున పాత పాయింట్లను ఎప్పుడు మార్చవలెను, ఏ విధముగా మార్చవలెను అన్నది సభ్యులు, కార్యదర్శులు తెలుసుకొనుట అవసరము.

పాయింటు పాతది, పని కొత్తది

1970లో ఆరంభమై 1996 వరకు సాగిన ఆపరేషన్ ఫ్లడ్ కాలంలో అనేక సంఘాలు ఏర్పడినవి. ఆ రోజులలో వెన్న శాతాన్ని గెర్బర్ పద్ధతిలో, గాజు బ్యుటిరోమీటర్లను చేతితో తిప్పే యంత్రంలో ఉంచి చూసేవారు. గదికి ఒక బల్బు, ఒక ప్లగ్గు పాయింటు ఉంటే చాలేది. నేడు ఎలక్ట్రానిక్ తూకం, పాలు పరీక్షించే యంత్రం, కంప్యూటరు, ప్రింటరు, క్యాన్లు కడిగే నీళ్ళకు హీటరు వచ్చినవి. కొన్ని కేంద్రాలలో పాలను 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబరచే బల్కు కూలరు కూడా ఉన్నది. పని ఇంత పెరిగినా అనేక చోట్ల గోడమీది పాయింటు, దాని వెనుక వైరు మాత్రం పాతవే. ఒకే పాయింటు నుండి ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని నుండి మరొకటి లాగుచున్నారు.

పాయింటు ఎందుకు కాలుతుంది?

పాయింటులోని ఇత్తడి రేకులు పిన్నును గట్టిగా పట్టి ఉంచవలెను. ఏళ్ళ తరబడి పిన్ను పెట్టి తీయడం వలన ఈ పట్టు సడలుతుంది. పట్టు సడలిన చోట విద్యుత్తుకు నిరోధం ఏర్పడి వేడి పుడుతుంది. 1500 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద సుమారు 6.5 ఆంపియర్లు తీసుకొంటుంది. సడలిన చోట అర ఓము నిరోధం ఏర్పడినా అక్కడ దాదాపు 21 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవారు సీసం కరిగించే చిన్న సోల్డరింగు ఐరను 25 వాట్లది. దాదాపు అంత వేడి బోర్డు లోపల, గాలి ఆడని చోట, రోజూ పుట్టుచుంటే రేకులు మెత్తబడి పట్టు మరింత సడలుతుంది. వేడి ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసినది ఒకటున్నది. పట్టు సడలినంత మాత్రాన కరెంటు ఎక్కువ పారదు. కావున ఫ్యూజు పోదు, ఎం.సి.బి. కూడా పడదు. "ఫ్యూజు ఉన్నది గదా" అని ధైర్యంగా ఉండుటకు వీలులేదు. ఈ ముప్పును కనిపెట్టవలసినది మన కన్ను, ముక్కు మాత్రమే.

మార్చవలసిన గుర్తులు

రంధ్రాల చుట్టూ నల్లబడడం లేక పసుపు రంగుకు తిరగడం, పిన్ను దానంతట అది జారిపోవడం, చిటపట శబ్దం, కాలిన వాసన, మూత పగలడం, వాడి తీసిన పిన్ను చేతికి వేడిగా తగలడం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పాయింటును అదే రోజు వాడకం నుండి తప్పించవలెను. పిన్ను లేకుండా ఒట్టి వైర్లను రంధ్రాలలో పెట్టి అగ్గిపుల్లలతో బిగించే అలవాటు తనిఖీలలో ఇప్పటికీ కనబడుచున్నది. ఇది వెంటనే మానవలెను.

పాలు పోసే సభ్యునికి కూడా ఇందులో లెక్క ఉన్నది. పిన్ను కదిలి పరీక్ష యంత్రం మధ్యలో ఆగితే తిరిగి సిద్ధమయ్యేవరకు వరుస అంతా నిలిచిపోతుంది, వెన్న శాతంపై తగవులు వస్తవి. రాత్రి వేళ బల్కు కూలరు లైను కాలితే ఊరందరి పాలు విరిగిపోయే ప్రమాదమున్నది.

ముందు లెక్క, తరువాత కొనుగోలు

పాయింటు మార్చడమంటే మూత మార్చడం కాదు. దానిపై పడే భారాన్ని ముందు లెక్కించవలెను. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వచ్చును. మన దేశంలో ఐ.ఎస్. 1293 ప్రమాణం ప్రకారం పాయింట్లు 6, 16 ఆంపియర్లలో దొరకుచున్నవి. పాతవాటిపై 5, 15 అని ఉండును. 6 ఆంపియర్ల పాయింటు 1380 వాట్ల వరకే పనికివచ్చును. కావున 1500 వాట్ల హీటరును దానికి పెట్టరాదు. పెద్ద పిన్నును చిన్న పాయింటుకు కలిపే కన్వర్టరు వాడడం కూడా ఇదే తప్పు. హీటరుకు 16 ఆంపియర్ల పాయింటు, దానికి వేరుగా లైను ఉండవలెను.

వెనుక వైరు సన్నదై ఉండగా పెద్ద పాయింటు బిగిస్తే కాలే చోటు పాయింటు నుండి గోడలోకి మారుతుంది. 6 ఆంపియర్ల పాయింటుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్లకు 2.5కు తగ్గకుండా, దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఉండవలెను. పాత భవనాలలో అల్యూమినియం వైరు ఉండవచ్చు. అది మర కింద నలిగి వదులవుతుంది. దాని ముఖంపై తెట్టు కట్టి నిరోధం పెరుగుతుంది. అటువంటి చోట పాయింటుతోపాటు వైరును కూడా రాగికి మార్చుట మేలు.

కొత్త లైను లాగడం, లోడు పెంచడం లైసెన్సు గల కాంట్రాక్టరు చేతనే చేయించవలెను. మూడు ఫేజులతో నడిచే కూలరు జోలికి సంఘ సిబ్బంది పోరాదు.

పని జరుగునపుడు చూడవలసినవి

1. మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజు క్యారియర్లు ఊడదీసి, పని చేసేవాడు తన జేబులోనే ఉంచుకొనవలెను. ఇన్వర్టరు, జనరేటరు ఉంటే వాటిని కూడా ఆపవలెను.

2. లైన్ టెస్టరును ముందు కరెంటున్న మరొక చోట వెలిగించి చూడవలెను. తరువాత విప్పబోయే పాయింటులో మూడు రంధ్రాలనూ పరీక్షించవలెను. టెస్టరే పాడై ఉంటే "కరెంటు లేదు" అన్న మాట నమ్మరానిది. పాత వైరింగులో స్విచ్చి న్యూట్రలుకు ఉండడం కద్దు. కావున పాయింటు స్విచ్చి ఆపినంత మాత్రాన చాలదు.

3. విప్పిన వైరు చివర పెళుసెక్కి లేక నల్లబడి ఉంటే మంచి భాగం వచ్చేవరకు కత్తిరించవలెను. పొడవు చాలకపోతే బోర్డులోపల అతుకులు వేయరాదు, వైరు మార్చవలెను.

4. పాయింటుకు ఎదురుగా నిలబడి చూస్తే పైన ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రలు ఉండవలెను. స్విచ్చి ఫేజుకే ఉండవలెను. గోడలోని వైరింగులో న్యూట్రలు నలుపు, ఎర్తు ఆకుపచ్చ. యంత్రంతో వచ్చే తీగలో ఫేజు గోధుమ రంగు, న్యూట్రలు నీలం, ఎర్తు ఆకుపచ్చ-పసుపు చారలది. మూడు ఫేజుల వైరింగులో నీలం ఒక ఫేజు! ఈ తేడా తెలియక ప్రమాదాలు జరుగును.

5. మరలు బిగించిన తరువాత ప్రతి వైరును లాగి చూడవలెను.

6. పాయింటును నీళ్ళు చిందని చోట, నడుము ఎత్తుకు పైన బిగించవలెను. క్యాన్లు కడిగే తొట్టి పక్కన పెట్టరాదు.

మూడవ రంధ్రం అలంకారం కాదు

పిన్నులో ఎర్తు ముల్లు మిగిలినవాటికంటె పొడవుగా, లావుగా ఉండుటకు కారణమున్నది. అది ముందుగా తగిలి, చివరగా విడిపోవును. కాని ఆ రంధ్రం వెనుక ఎర్తు వైరు కలపని పాయింట్లు ఎన్నో ఉన్నవి. అటువంటి చోట యంత్రపు ఇనుప పెట్టెకు కరెంటు తగిలితే, దానిని తాకిన మనిషి ద్వారానే భూమికి పోవును. ఎర్తు బదులు న్యూట్రలును ఆ రంధ్రానికి కలపడం మరీ ప్రమాదం. న్యూట్రలు ఎక్కడైనా తెగితే యంత్రం ఒళ్ళంతా కరెంటు వచ్చును. నీళ్ళ కొళాయికి ఎర్తు కట్టడం కూడా పనికిరాదు. నేడు గొట్టాలు ప్లాస్టిక్కువి.

ఎర్తు గుంటను ఐ.ఎస్. 3043 ప్రకారం వేయించి, వేసవిలో నీళ్ళు పోయుచు, ఏటా మీటరుతో కొలిపించవలెను. దీనితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుట తప్పనిసరి అని భావించవలెను. వెళ్ళిన కరెంటు తిరిగి రాక వేరు దారిన భూమికి పోవుచున్నదని గ్రహించి అది క్షణంలో లైను ఆపును. దానిపై ఉన్న టెస్టు బటనును నెలకొకసారి నొక్కి చూడవలెను. అయితే ఎర్తుకు ఇది బదులు కాదు, తోడు మాత్రమే. వేడెక్కిన పాయింటును ఇది కూడా కనిపెట్టలేదు.

పాలకవర్గం చేయవలసినది

ఈ పనికి పాలకవర్గ సమావేశంలో తీర్మానం చేసి, ఐ.ఎస్.ఐ. గుర్తు గల సామాను బిల్లుపై కొనవలెను. మార్చిన తేదీని, వైరు సైజును, ఎర్తు కొలతను రికార్డులో వ్రాసి ఉంచవలెను. తరువాత వచ్చే కార్యదర్శికి అది అక్కరకు వచ్చును. తీసిన పాత పాయింట్లను పగులగొట్టి పారవేయవలెను. లేనిచో అవి ఎవరి పశువుల కొట్టంలోనో మళ్ళీ గోడ ఎక్కును.

ఒక పాయింటు, కొన్ని గజాల వైరు ఖర్చు పెద్దది కాదు. పొద్దున్నే పాల క్యాను పట్టుకొని వచ్చే సభ్యులు, తడి చేతులతో యంత్రం మీట నొక్కే మన సిబ్బంది క్షేమంగా ఇంటికి పోవుటకు ఆ ఖర్చు చేయుట సంఘం విధి. వచ్చే పాలకవర్గ సమావేశానికి ముందే ప్రతి కేంద్రంలోని పాయింట్లను ఒకసారి చేతితో తాకి కాక, కంటితో పరిశీలించవలసినదిగా కోరుచున్నాము.