ఆముదపు పిండి - ఉబ్బసము

ఆముదము తెలుగువారికి క్రొత్త వస్తువు కాదు. పూర్వము ఇంటి దీపములలో పోసినది, పసిపిల్లలకు విరేచనమునకు పట్టినది, తలకు అంటినది ఈ నూనెయే. తెలంగాణములో మహబూబ్‌నగరు, నల్లగొండ ప్రాంతముల మెట్టచేలలో ఈ పంట చిరకాలముగా తెలిసినదే. అయినను నేడు మన దేశములో పండు ఆముదపు గింజలలో ఎక్కువ భాగము గుజరాతునుండి వచ్చుచున్నది. నూనె తీసిన తరువాత మిగులు పిండిని పొలములకు ఎరువుగా వేయుదురు. నత్రజని గల మంచి ఎరువు అది. పశువులకు మాత్రము పెట్టరు. ఏలయన అందు రిసిన్ అను తీవ్రమైన విషము కలదు. ఈ విషము సంగతి చాలమందికి తెలిసినదే. కాని ఆ పిండిలో మఱియొక ప్రమాదము కలదు. దాని దుమ్మును పీల్చిన కొందరికి ఉబ్బసము వచ్చును. ఒక్కొక్కప్పుడు అది ప్రాణము మీదికి తెచ్చునంత తీవ్రముగా నుండును.

ఈ సంగతిని స్పష్టముగా వెల్లడించిన పరిశోధన అమెరికాలో జరిగినది. ఒహాయో రాష్ట్రములోని టొలిడో నగరములో ఆముదము తీయు మిల్లు ఒకటి యుండెడిది. ఆ పరిసరములలో నివసించువారు పలువురు ఉబ్బసముతో బాధపడుచుండిరి. ఫిగ్లీ, ఎల్రాడ్ అను వైద్యులు వారిని పరీక్షించి, తమ ఫలితములను 1928లో ప్రకటించిరి. వారు ఉపయోగించినది చర్మ పరీక్ష. అనుమానము కలిగిన పదార్థపు సారమును మిక్కిలి పలుచగా చేసి, కొద్దిగా చర్మములోనికి చేరునట్లు చేయుదురు. పదునైదు, ఇరువది నిమిషములలో అచ్చట దద్దురు లేచినచో, ఆ మనిషి శరీరము ఆ పదార్థమును శత్రువుగా గుర్తించినదన్నమాట. (ఇది వైద్యులు మాత్రమే చేయదగిన పరీక్ష. ఆముదపు గింజలతో పాఠశాలలో ఇట్టి ప్రయోగమునకు ఎంతమాత్రము పూనుకొనరాదు.) దోషి ఆ మిల్లునుండి వెలువడు దుమ్మే అని తేలినది. గాలికి ప్రహరీగోడ అడ్డు కాదు గదా! బయటనున్నవారి గతియే ఇట్లుండగా, ఆ దుమ్ములో గంటలకొలది నిలిచి పనిచేయువారి మాట చెప్పనేల? 1950 దశాబ్దములో బ్రెజిల్ దేశములో గూడ ఆముదపు దుమ్మువలన అనేకులకు ఒక్కమారుగా ఉబ్బసము వచ్చి, అంటురోగము ప్రబలినదేమో యను భ్రమ కలిగించినది.

మరి ఇన్ని తరములుగా వాడుచున్న ఆముదము మాట ఏమి? నూనె నిర్దోషి. ఉబ్బసమునకు కారణమగునది గింజలోని ఒక జాతి ప్రోటీను. అది నీటిలో కరుగును గాని నూనెలో కరుగదు. అందుచే గింజను పిండినప్పుడు నూనె ఒకవైపునకు పోగా, ఈ ప్రోటీను పిండిలోనే నిలిచిపోవును. పిండి ఎండి, చితికి, సన్నని దుమ్ముగా లేచినప్పుడు, మిల్లీమీటరులో నూరవవంతుకంటె చిన్నవగు రేణువులు ముక్కును, గొంతును దాటి లోపలి శ్వాసనాళములను చేరును. ఆ నాళముల తడిలో ప్రోటీను వెంటనే కరగును.

ఇచ్చట ఉపాధ్యాయులు గమనింపదగిన విశేష మొకటి కలదు. రిసిన్ గూడ ప్రోటీనే. తగినంత వేడిచేసినచో దాని విషగుణము నశించును. కాని స్పైస్, కౌల్సన్ అను అమెరికను రసాయనజ్ఞులు 1943లో ఆముదపు గింజనుండి వేరుచేసిన ఎలర్జీకారక పదార్థము వేడికి సులభముగా లొంగలేదు. దీని అణువు చిన్నది. దాని మడతలను గంధకపు బంధములు గట్టిగా పట్టియుంచును. కావున "పిండిని ఉడికించి విషము పోగొట్టితిమి, ఇక భయము లేదు" అనుట సగము సత్యము మాత్రమే.

ఈ వ్యాధి మొదటి దినముననే రాదు. కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు కొన్ని సంవత్సరములు, మనిషి ఆ దుమ్ములో ఏ బాధయు లేకుండ పనిచేయును. ఈలోగా అతని శరీరము ఆ ప్రోటీనుకు సరిపడు ప్రతిరక్షకములను తయారుచేయుచుండును. వీనిని ఐజీఈ అందురు. 1966-67 ప్రాంతమున వీనిని గుర్తించిరి. ఇవి శ్వాసనాళముల గోడలలోని మాస్టు కణములకు అంటుకొని వేచియుండును. మరల దుమ్ము తగిలినప్పుడు ఆ కణములు హిస్టమిన్ మొదలగు రసాయనములను వెదజల్లును. నాళముల చుట్టునున్న కండరములు బిగియును, లోపొర వాచును, కఫము ఊరును. వెడల్పు తగ్గిన గొట్టములగుండ గాలి పోవునప్పుడు పిల్లికూతలు వినవచ్చును. ఈ స్థితికి వచ్చినవానికి దోసెడు దుమ్ము అవసరము లేదు, చిటికెడు చాలును. కాఫీ గింజల బస్తాలతో పనిచేయు కొందరికి కలిగిన బాధకు కాఫీ కాక, ఆ గోనెసంచులలో అంతకుముందు నింపిన ఆముదపు గింజల దుమ్ము కారణమని 1950లో అమెరికాలో కనుగొనిరి!

రోగిని తప్పుదారి పట్టించునది మరొకటి యున్నది. ఆయాసము పనిలోనే రావలెనని లేదు. పని ముగిసిన నాలుగు మొదలు ఎనిమిది గంటలకు, అనగా ఇంటివద్ద, రాత్రివేళ రావచ్చును. అప్పుడతడు చలిగాలిని, తిన్న తిండిని, పరుపులోని దూదిని అనుమానించును గాని మిల్లును అనుమానింపడు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700లోనే, రోగిని "నీ వృత్తి యేమి?" అని తప్పక అడుగవలెనని వైద్యులకు బోధించెను. పెద్దవయసులో వచ్చు ఉబ్బసములో నూటికి సుమారు 15 పాళ్లు వృత్తి సంబంధమైనవని నేటి అంచనా. రొట్టెల పనివారికి గోధుమపిండి, రంగులు చిమ్మువారికి ఐసోసయనేటులు ఇట్టి కారణములే.

నిర్ణయించు ఉపాయము సులభమైనది. పీక్ ఫ్లో మీటరు అను చిన్న పరికరములోనికి బలముగా ఊదినచో, గాలి ఎంత వేగముగా వెలువడినదో ముల్లు చూపును. పనిదినములలోను, సెలవులలోను రోజునకు నాలుగు పర్యాయముల చొప్పున కొన్ని వారములు కొలిచి గ్రాఫు కాగితముపై గుర్తింపవలెను. పనిదినములలో గీత దిగజారి, సెలవులలో లేచినచో వ్యాధికి మూలము పనిలోనే యున్నదని గట్టిగా అనుమానింపవచ్చును. దానిపై చర్మ పరీక్ష, రక్త పరీక్ష చేయుదురు.

ఈ నిర్ణయములో ఆలస్యము చాల ఖరీదైనది. మందులతో ఆయాసమును అణచుకొనుచు అదే దుమ్ములో కొనసాగినచో నాళముల వాపు స్థిరపడును. పిమ్మట పని మానినను ఉబ్బసము మానదు. కారణమునుండి దూరమైనవారిలో గూడ పూర్తిగా కోలుకొనువారు మూడింట ఒకవంతు మాత్రమే. లక్షణములు తోచిన తొలినాళ్లలోనే దుమ్మునుండి తప్పుకొన్నవారికి అవకాశము ఎక్కువ. కాని కూలిమీద బ్రతుకువానికి పని మానుమని చెప్పుట సులభమా? అతనికి అదే మిల్లులో దుమ్ము లేని పని చూపుట యజమాని చేయదగినది. ముఖమునకు తువాలు చుట్టుకొనుటవలన ప్రయోజనము స్వల్పము. సన్నని రేణువులు ఆ నేతలోనుండి దూరిపోవును. దుమ్ము లేవకుండ చేయుటయే అసలు ఉపాయము: పిండిని మూసిన గొట్టములగుండ నడుపుట, దుమ్ము పుట్టుచోటనే పంకాతో పీల్చి వడగట్టుట, నేలను పొడిగా ఊడ్వక తడిగుడ్డతో తుడుచుట. పొలములో చల్లునప్పుడు గూడ పిండిని ముందుగా కొంచెము తడిపి, గాలివాలు చూచి చల్లవలెను. ఖాళీయైన గోనెసంచులను ఇంటివద్ద దులుపరాదు.