ఫ్రెంచ్ ఫ్రైస్ దుంప యార్డుకు ఎందుకు రాదు?

సికింద్రాబాద్: బోయినపల్లి యార్డులో బంగాళాదుంప ధర రాబడిని బట్టి హెచ్చుతగ్గులకు లోనవుతుంది. అదే ఊళ్లో మెక్‌డొనాల్డ్స్ అమ్మే ఫ్రెంచ్ ఫ్రైస్ ధర మాత్రం యార్డు ధర వెంట పరుగెత్తదు. ఇందుకు కారణం ఆ సంస్థ వ్యాపార పద్ధతే.

1996లో ఢిల్లీలో తొలి దుకాణంతో ఈ అమెరికన్ సంస్థ భారత్‌లో ప్రవేశించింది. ప్రపంచంలోని దాని దుకాణాల్లో నూటికి సుమారు 95 ఇతరుల పెట్టుబడితో నడిచేవే. పేరు, పద్ధతి సంస్థవి. దుకాణంలో లాభనష్టాలు వారివి. అమ్మకాలపై రాయల్టీ, చాలాచోట్ల అద్దె సంస్థకు ముడతాయి. దక్షిణ, పశ్చిమ భారతంలో ఈ హక్కులు హార్డ్‌కాజిల్ రెస్టారెంట్స్‌వి.

అన్ని ఊళ్లలో ఒకే రుచి కావాలంటే సరుకు ఒకే నాణ్యతతో ఉండాలి. దుంపలో నీరు ఎక్కువైతే నూనె పీలుస్తుంది. చక్కెర ఎక్కువైతే వేపుడు నల్లబడుతుంది. కోల్డ్ స్టోరేజీ చలికి మామూలు దుంపలో చక్కెర పెరుగుతుంది. అందువల్ల ఆగ్రా నుంచి వచ్చే కూర రకం ఇందుకు పనికిరాదు. మెక్‌కెయిన్ వంటి సంస్థలు గుజరాత్ రైతులతో ముందే ధర ఖాయం చేసుకుని ప్రత్యేక రకాలు పండిస్తాయి. మెహసానా ఫ్యాక్టరీలో ముక్కలను గడ్డకట్టించి సరఫరా చేస్తాయి.

ఈ సరుకుకు వేలం లేదు, దళారీ కమీషన్ లేదు. ఇళ్లు, హోటళ్ల గిరాకీ కూర రకానికే గనుక యార్డు వ్యాపారానికి వెంటనే ముప్పు లేదు. అయితే ఫ్రైస్ వాడకం పెరిగినంత మేర ఆ లాభం యార్డుకు దక్కదు. అందులో వాటా కోరే వర్తకుడు ధర పసిగట్టడంతో సరిపెట్టుకోక, గ్రేడింగుకు, శీతల రవాణాకు పెట్టుబడి పెట్టవలసి ఉంటుంది.