ఊరి అన్నము



గోదావరిసీమలో అన్నదానమనగానే డొక్కా సీతమ్మగారు స్మరణకు వత్తురు. 1841లో మండపేటయందు జన్మించి, లంకల గన్నవరమునకు కోడలై వచ్చిన ఆ యిల్లాలు, 1909లో పరమపదించువరకు వేళ యనక, కులమనక, ఆకలియని వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి.

ఆమెను గూర్చి మన సీమలో ఒక కథ కలదు. అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకై బయలుదేరిన సీతమ్మగారు, దారిలో ఆకలిగొన్న బాటసారులు 'గన్నవరము చేరినచో సీతమ్మగారింట అన్నము దొరకును' అని చెప్పుకొనుట విని, యాత్ర మాని యిల్లు చేరిరట. దీనిని మనము త్యాగమునకు నిదర్శనముగా చెప్పుకొందుము. నాకు ఇందు మరియొక పాఠమును కనబడుచున్నది. ఆమె యింట లేనినాడు వారికి అన్నము లేదు. భారమంతయు ఒక్క చేతిమీదనే యుండెను.

2013 నాటి ఆహారభద్రతా చట్టము చాల పేదకుటుంబములకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము నిచ్చుచున్నది. లెక్కించినచో అది దినమునకు 167 గ్రాములు. మన రాష్ట్రమున బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు 2024లో సీతమ్మగారి పేరే పెట్టిరి. అయినను దుకాణమువరకు నడువలేని వృద్ధులును, బియ్యమున్నను వండుకొనలేని రోగులును మన యూళ్లలో కలరు. వారు నోరు తెరచి యడుగరు.

నేను బడిపంతులుగా నున్న దినములలో ఒక బాలుడు మధ్యాహ్నవేళ నూతిగట్టున ఒంటరిగా కూర్చుండెడివాడు. నలుగురిలో అన్నమునకు పిలిచితిని. "తినే వచ్చానండీ" అనెను. మరునాడు మా అబ్బాయికి తోడుగా రమ్మంటిని. వచ్చి, కడుపార తినెను. ఆకలికంటె సిగ్గు బలమైనదని నేనానాడు తెలిసికొంటిని.

కావున ఊరివారే సంఘముగా కూడవలెను. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు వేరుకుండలో వేయుట మన పెద్దలెరిగిన పద్ధతియే. పిడికెడు 40 గ్రాములనుకొన్నను, 50 ఇండ్లనుండి దినమునకు 2 కిలోలగును. దానితో పదిమందికి ఒక పూట గడచును. వారమునకొకసారి బియ్యము పోగుచేయుటకు ఇద్దరు యువకులు చాలుదురు. వంట ఇండ్లవారు వంతులవారీగా చేయవలెను. పప్పు, కూర పెరటినుండియు పొలమునుండియు వచ్చును. జమాఖర్చులు నెలకొకసారి రచ్చబండవద్ద చదువవలెను. తిన్నవారి పేర్లు మాత్రము చదువరాదు. అన్నము క్యారియరులో వారి గుమ్మమునకే చేరవలెను. తెచ్చినవాడు చుట్టపుచూపుగా వచ్చినట్లు కూర్చుండి రెండు మాటలాడి పోవలెను.

ఒకరు పొరుగూరికి పోయినను, మంచము పట్టినను, వంతు మరియొకరిదగును. పొయ్యి యారదు. అట్టి సంఘమున్న యూరిలో సీతమ్మగారు నిశ్చింతగా అంతర్వేదికి పోయి, స్వామిని దర్శించి రాగలిగెడివారు.