సాగదీసిన జీపు

‘వెనకాల ఇంకో రెండడుగులు అతికిస్తే ఇంకో ఆరుగురు ఎక్కుతారు గదా సార్, కంపెనీవాళ్లకు ఆ మాత్రం తెలీదా?’ భద్రాచలం వైపు క్లాసులో తులాదండం పాఠం మొదలుపెడితే ఇలాంటి ప్రశ్న రాక మానదు. చర్ల, దుమ్ముగూడెం సంతలకు పోయే జీపుల్ని చూస్తూ పెరిగిన పిల్లలు మరి: లోపల ఒకరి ఒళ్లో ఒకరు, పైన క్యారియర్ మీద మూటలు, వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ నలుగురు. ప్రశ్నలో తప్పు లేదు. జవాబు మాత్రం రేకు కింద ఉంది.

పాత జీపులో బాడీ వేరు, ఛాసిస్ వేరు. బోల్టులు విప్పి బాడీని ఎత్తేసినా ఇంజను, గేర్‌బాక్సు, కమాన్ కట్టలు, చక్రాలు అన్నీ ఛాసిస్‌నే అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే బాడీతో ఎన్ని వేషాలైనా వేయించొచ్చు. హైదరాబాద్ సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ గారి క్రికెట్ బ్యాటు కారు, వంకాయ కారు అలా పుట్టినవే. అసలు జీపు తయారుచేసిన విల్లీస్ కంపెనీయే 1953లో సీజే-3బీ మోడల్‌కు బానెట్ ఎత్తు పెంచింది. కొత్త హరికేన్ ఇంజనులో ఇన్‌టేక్ వాల్వులు పక్క నుంచి నెత్తి మీదికి చేరాయి. ఇంజను పొడుగైంది, పాత బానెట్ కింద పట్టలేదు. ఆ ఎత్తు ముక్కు జీపునే మహీంద్రా మన దేశంలో దశాబ్దాల పాటు తయారు చేసింది.

ఛాసిస్ మాత్రం వేషాలకు ఒప్పుకోదు. రెండు పొడుగాటి ఉక్కు పట్టాలు, మధ్యలో అడ్డపట్టీలు, అంతే చూడ్డానికి. పట్టాను అడ్డంగా కోసి చూస్తే చాలా చోట్ల ‘సి’ అక్షరంలా ఉంటుంది. కిటుకంతా అందులోనే ఉంది. స్కేలును పడుకోబెట్టి వంచితే వంగుతుంది, నిలబెట్టి వంచబోతే మొండికేస్తుంది. పట్టా కూడా నిలబడే బరువు మోస్తుంది. రెండు ఇరుసుల మధ్య బరువు పడ్డప్పుడు పై అంచు నలుగుతుంది, కింది అంచు సాగుతుంది, నడుమున ఉన్న లోహానికి ఈ రెండు బాధలూ తక్కువ. అందుకే తెలిసిన మేస్త్రి రంధ్రం వేయాల్సివస్తే పట్టా పక్క గోడ నడుమన వేస్తాడు, కింది అంచు జోలికి పోడు.

ఇంకో తమాషా ఉంది. ‘సి’ పట్టా కొంచెం మెలి తిరుగుతుంది. వాగులో ఒక చక్రం బండరాయి ఎక్కి, ఇంకోటి గుంతలో దిగినప్పుడు ఆ మెలికే కమాన్ కట్టలకు సాయపడి నాలుగు చక్రాలనూ నేలకు తాకిస్తుంది. గట్టిగా ఉంటుందని ఒక జానెడు మేర మందపాటి ప్లేటుతో పెట్టెలా మూసి వెల్డింగ్ చేశారనుకోండి. అక్కడ మెలిక ఆగిపోతుంది, ఆ బాధంతా ప్లేటు చివర పేరుకుంటుంది. కొన్నాళ్లకు వెల్డింగ్ అంచున వెంట్రుకంత గీత, దాని వెంబడి తుప్పు కనిపిస్తాయి. అతుకు తప్పనప్పుడు ప్లేటు కొసలను ఏటవాలుగా కోసేది అందుకే.

ఇక ఆ రెండడుగుల సంగతి. సీజే-3బీ ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు, సుమారు 2 మీటర్లు. వెనక ఇరుసుకు మీటరు అవతల 60 కిలోల మనిషి నిలబడితే ముందు చక్రాల మీంచి 30 కిలోల బరువు తేలిపోతుంది, వెనక ఇరుసు మీద 90 కిలోలు పడుతుంది. ఐదుగురు నిలబడితే ముందు 150 కిలోలు మాయం. స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గిపోతుంది.

అందుకే పెంచితే ఇరుసుల మధ్యే పెంచాలి. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు పెరగాలి, మలుపుకు ఎక్కువ చోటు కావాలి, మిట్ట దాటేటప్పుడు కడుపు తగులుతుంది. ఈ లెక్కలన్నీ వేసుకునే మహీంద్రా పొడుగాటి కమాండర్ జీపును తెచ్చింది. కంపెనీ నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టూ చెప్పింది.

పాత జీపును బాగుచేయించాలనుకునే వారికి ఒకటే మాట: మోజు రేకు మీద తీర్చుకోండి, పట్టా మీద వెల్డింగ్ రాడ్ పెట్టే ముందు మాత్రం లెక్క వేయండి.